ఆవకు వీపు పెట్టిన పడవల ఇల్లు

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు గోడవైపు తెరుచుకుంటుంది. సగంలోనే గోడకు తగిలి ఆగిపోతుంది కాబట్టి తెరుచుకుంటుంది అనడం కూడా కొంచెం ఎక్కువే. చెయ్యి మోచేతి దాకా దూరుతుంది. పెరుగు గిన్నె బయటికి రావాలంటే దాన్ని లోపలే ఒక పక్కకి వంచాలి. వంచితే పెరుగు మీది నీళ్ళు ముందు చొక్కా మీదికి వస్తాయి, గిన్నె తరవాత వస్తుంది. ఫ్రిజ్‌ను రెండడుగులు జరిపితే ఈ బాధ ఉండదు. జరపకూడదట. బరువు ఆ మూలే ఉండాలని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారని అడిగితే మా ఆవిడ, "ఎవరు చెప్తే ఏటి? మీకు రోజూ పెరుగు దొరుకుతోందా లేదా?" అంటుంది. దొరుకుతోంది. చొక్కాకి కూడా దొరుకుతోంది.

నేను అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీలో వ్యాయామ అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ వయసులో ప్రపంచాన్ని నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. వస్తువు ఎటు రావాలో తలుపు అటు ఉంటే చాలు. ఈ కోరిక నాకు ఫ్రిజ్ వల్ల పుట్టలేదు. పడవల వల్ల పుట్టింది.

ఈ మధ్య కాలేజీ నుంచి ఫోను వచ్చింది. పడవల షెడ్డుకు వార్షికోత్సవం చేస్తున్నారట, ప్రత్యేక సంచిక వేస్తున్నారట, 'మన బోట్ హౌస్ చరిత్ర' నేను రాయాలట. "రెండు పేజీలు చాలు సార్, కొంచెం తియ్యగా రాయండి" అన్నాడు ఫోను చేసిన కుర్ర లెక్చరరు. అనకాపల్లి వాడికి తీపి గురించి చెప్పాలా? బెల్లం సీజన్లో మా ఊరి గాలే తియ్యగా ఉంటుంది. అయితే బెల్లం వండేటప్పుడు పైకి తేలే మడ్డిని తీసి పారబోస్తారు. ఆ మడ్డికి వాళ్ళ సంచికలో చోటు ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు చదివితే చాలు. మిగతావాళ్ళకు ఇంతకంటే మంచి కాలక్షేపాలున్నాయి.

చరిత్ర అన్నారు కాబట్టి నీళ్ళ దగ్గర మొదలుపెడతాను. ఊరికి దక్షిణాన ఒక ఆవ ఉంది. వాననీళ్ళు దిగి ఏడాది పొడుగునా నిలిచే పెద్ద మడుగును మా వైపు ఆవ అంటారు. తామరాకులు, నీటిపక్షులు, రెండు తాటిదోనెలు జతకట్టి చేపలు పట్టుకునే జాలర్లు. మా విశ్వవిద్యాలయం వారికి ఒకనాడు పడవ పందాల జట్టు ఉంటే బాగుంటుందనిపించింది. విశాఖపట్నంలో వాళ్ళకు సముద్రం ఉంది గాని ఈ పందాల పడవలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, సముద్రంలో నిలవవు. నిలకడ నీళ్ళు మా దగ్గరున్నాయి. అందుకని జట్టు మా కాలేజీ మీద పడింది. కాలేజీలో ఆటలకు సంబంధించిన మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి నా మీద పడింది.

నేను కబడ్డీ ఆడిన మనిషిని. పడవ గురించి నాకు తెలిసిందల్లా మునిగితే తడుస్తామని. విశాఖపట్నం వెళ్ళి నేర్చుకుని వచ్చాను. నలుగురు తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పడతారు. తెడ్లు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుని పడవను ముందుకు తీసుకుపోతారు. ఎటు పోతున్నామో చుక్కాని మనిషికి తప్ప ఎవరికీ కనపడదు. మా కాలేజీ నడిచే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే కావడంతో ఆట తొందరగానే అర్థమైంది. పడవలో ఆ ఒక్కరికైనా కనపడుతుంది, అంతే తేడా.

మా మొదటి పడవల ఇల్లు తాటాకు పాక. జాలర్లు, మా పిల్లలు కలిసి వేశారు. దానికి తలుపు లేదు. ఆవ వైపు మొత్తం ఖాళీ. బస్సుకంటే పొడుగున్న పడవను పిల్లలు భుజాల మీద పెట్టుకుని నాలుగడుగులు వేస్తే నీళ్ళు. తిరిగొచ్చాక నాలుగడుగులు వేస్తే పాక. ఆ పడవ పొడుగు ఎంతో దాని ఒళ్ళు అంత పల్చన. గోడకు చిన్నగా తగిలినా పగులు. అందుకని దాన్ని తిప్పకుండా, వంచకుండా, నేరుగా తీసుకెళ్ళి నేరుగా తేవాలి. ఇది అర్థం కావడానికి ఏ చదువూ అక్కర్లేదు. అందుకే కాబోలు చదువుకున్నవాళ్ళకు అర్థం కాలేదు.

కొన్నేళ్ళకు గ్రాంటు వచ్చింది. పక్కా భవనం మంజూరైంది. ఇంజనీరు గారు కారు దిగారు. ఆయన ఇంజనీరింగు చదివింది ఉద్యోగం కోసం. ఉద్యోగం వచ్చాక ఇంజనీరింగు మీద నమ్మకం చాలక వాస్తు చదివారు. స్థలం చూసి, జేబులోంచి దిక్సూచి తీసి, చాలాసేపు దాని వంక చూసి, ఆవ దక్షిణాన ఉండటం పెద్ద దోషమన్నారు. ఆవను ఉత్తరానికి జరపడానికి గ్రాంటు చాలదు కాబట్టి, భవనాన్ని ఆవకు వీపు పెట్టి, రోడ్డు వైపు ఉత్తరానికి తలుపు పెడతామన్నారు.

"సార్, పడవలు నీళ్ళలోకి వెళ్ళాలి గదా" అన్నాను.

"వెళ్తాయి మేష్టారూ, వెళ్ళవని ఎవరన్నారు? ఇలా బయటికి తీసి, అలా చుట్టూ తిప్పి తీసుకెళ్ళండి. పిల్లలకు వ్యాయామం."

"అలా తిరగదండీ. పడవ పొడుగు..."

"పడవ ఎలాగైనా తిరుగుతుంది. ఇల్లు తిరగదు గదా" అని ఆయన నవ్వారు. పక్కనున్న మా ప్రిన్సిపాలు గారు కూడా నవ్వారు. ఇంజనీరు గారు నవ్వినప్పుడు నవ్వడం ఆయన ఉద్యోగ ధర్మం.

గాలి కోసం దక్షిణం గోడకు ఒక కిటికీ మాత్రం ఒప్పుకున్నారు. ఆ కిటికీని మీరు మరిచిపోకండి.

భవనం లేచింది. పాక పీకేశారు. ఇక మా ప్రతి ఉదయం ఎలా ఉండేదంటే, ఉత్తరం షట్టరు పైకెత్తి పడవను తీస్తే, మొత్తం బయటికి రాకముందే ముక్కు రోడ్డెక్కేది. నేను రోడ్డు మీద చేతులు చాపి నిలబడి కశింకోట ఆటోలను ఆపేవాణ్ణి. పడవ రోడ్డు మీద అడ్డంగా తిరిగి, వంద గజాలు నడిచి, జాలర్ల సందులోంచి దిగి, కోళ్ళను తప్పించుకుని ఆవ చేరేది. ఆగిన ఆటోల్లోంచి రోజుకో మాట పడేది.

"ఏటమ్మా, బస్సు తప్పిపోనాదేటి, పడవ మోసుకెల్తన్నారు?"

"మాస్టారూ, పడవ మీద మనుసులెక్కాల గానీ మనుసుల మీద పడవెక్కిందేటండీ?"

ఈ మాటలకు జవాబు చెప్పే పని నేను పెట్టుకోలేదు. మా జట్టులో ఒక అమ్మాయి పెట్టుకుంది. "నీ ఆటోలో పదిమందిని కుక్కేవు మామా, మాం నలుగురం ఒక్కదాన్నే మోత్తన్నాం. ఎవుడిది సులువో సూసుకో" అనేది. ఆటో మొత్తం నవ్వేది. ఆమెది కశింకోట పక్క పల్లె. తండ్రికి కొంచెం చెరకు, కొంచెం వరి. చెరకు మోపులు మోసిన వీపు కావడంతో నేను ఆమెకు బలం నేర్పాల్సిన పని లేకపోయింది. ఓపిక నేర్పబోయాను. అది నా దగ్గర కూడా ఎక్కువ లేదని కనిపెట్టి వదిలేసింది. పడవలో ముందు తెడ్డు ఆమెదే. మిగతా ముగ్గురూ ఆమె లయ పట్టుకునే తెడ్డు వెయ్యాలి.

ఆమెకు కావలసింది ఒక్కటే. నాలాగా వ్యాయామ అధ్యాపకురాలు కావాలి. ఆ కోర్సులో సీటు రావాలంటే మామూలు మార్కులు చాలవు, విశ్వవిద్యాలయం జట్టులో ఆడి ఉండాలి. అది ఆమెకు డిగ్రీలో చివరి ఏడాది. ఆ ఏడాది జట్టు ఎంపికకు సెలెక్టర్లు ఒక్కసారే, ఒక్క రోజే వస్తారు. తండ్రి ఆ ఒక్క రోజు దాకా ఆగాడు. నా దగ్గరకొచ్చి తువ్వాలు భుజం మార్చుకుంటూ, "ఎంచుకుంటే సదువుకోనీ బాబూ, నానడ్డు రాను. నేకపోతే మాత్రం ఆ మర్నాటి నించి కోతకొచ్చీమన్నాను. ఆడపిల్లని పడవలు మోయడానికి పంపితే ఊర్లో నవ్వుతన్నారు" అన్నాడు. న్యాయంగానే ఉంది. ఎంపిక అవుతుందనడంలో నాకు అనుమానం లేదు. నా అనుమానాలన్నీ భవనం మీదే ఉండేవి.

భవనం కట్టి నెలలు గడిచినా ప్రారంభం కాలేదు. ముఖ్య అతిథి దొరకలేదు. చివరికి ఒకాయన దొరికారు. ప్రిన్సిపాలు గారు సంతోషం పట్టలేక ఆయన ఇచ్చిన రోజునే సెలెక్టర్లను కూడా పిలిచారు. ముందు ప్రారంభం, తరవాత పిల్లల పడవ ప్రదర్శన, అదే ఎంపిక, తరవాత భోజనాలు. ఒక్క ఖర్చుతో రెండు పనులు. నేను వద్దన్నాను. పొద్దెక్కితే సముద్రపు గాలి లేచి ఆవ మీద అలలు పుడతాయి, సన్నటి పడవ నిలవదు, పొద్దున్నే అయిపోవాలి అన్నాను. "ముహూర్తం పొద్దున్నే పెట్టించాను మేష్టారూ, మీకోసమే" అన్నారాయన. ముహూర్తం పొద్దున్నే వస్తుంది. అతిథి కూడా పొద్దున్నే వస్తాడని ఏ పంచాంగంలోనూ రాయరు.

ఆ రోజు తెల్లవారకముందే వెళ్ళాను, జనం రాకముందే పడవను నీళ్ళ దగ్గర పెట్టేద్దామని. షట్టరు ముందు షామియానా, షామియానా కింద స్టేజి, స్టేజి వెనక షట్టరుకు అడ్డంగా ఎర్ర రిబ్బను. లోపల పడవ.

ప్రిన్సిపాలు గారు రాగానే చెప్పాను. రిబ్బను ఒక్కసారి విప్పి, స్టేజి కొంచెం జరిపి, పడవను తీసేసి, మళ్ళీ కట్టేద్దాం.

"భలేవారే. ప్రారంభం కాకుండా షట్టరు ఎలా తెరుస్తాం?"

"నెలల తరబడి రోజూ తెరుస్తున్నాం గదండీ."

"అది వేరు. ఇవాళ ప్రారంభం. అతిథి గారు షట్టరు ఎత్తగానే లోపల పడవ కనపడాలి. ఖాళీ షెడ్డు ప్రారంభించమంటారా ఆయన్ని? పైగా కట్టిన రిబ్బను విప్పితే అపశకునం."

ఇంజనీరు గారు పక్కనే ఉన్నారు. అపశకునమేనని తల ఊపారు.

సెలెక్టర్లు ఇద్దరూ వచ్చి ఆవ గట్టున కుర్చీల్లో కూర్చున్నారు. మధ్యాహ్నం వాళ్ళకు రైలు. వాళ్ళు మంచివాళ్ళు, టీ ఇచ్చినంతసేపు తాగారు. ముహూర్తం వచ్చింది, వెళ్ళింది. అతిథి గారు బయల్దేరారని ఫోను. తరవాత పాయకరావుపేటలో టిఫిను చేస్తున్నారని ఫోను. తరవాత ఇంకా టిఫినే చేస్తున్నారని ఫోను. ఏం తింటున్నారో అడుగుదామనిపించింది. సెలెక్టర్లలో సన్నటాయన లేచి నా దగ్గరకొచ్చి, "ఇంకో గంట చూస్తాం మాస్టారూ. తరవాత గాలి లేస్తే పెట్టినా లాభం లేదు, పిల్లలు పడిపోతారు. లేదంటే మీ వాళ్ళు లేకుండానే జట్టు ఖాయం చెయ్యాలి. తప్పుగా అనుకోకండి" అన్నాడు. నేను ఆయన్ని తప్పుగా అనుకోలేదు. ఆ రోజు తప్పుగా అనుకోదగిన వాళ్ళు వేరే చాలామంది ఉన్నారు.

మళ్ళీ ప్రిన్సిపాలు గారి దగ్గరకి వెళ్ళాను. ఈసారి బతిమాలాను. బతిమాలడం నాకు చేతకాదని ఆ రోజే తెలిసింది. "ఒక్క అమ్మాయి భవిష్యత్తు సార్" అన్నాను. ఆయన వాచీ చూసుకుని, "ఒక్క అమ్మాయి కోసం ఇంత కార్యక్రమం ఆపమంటారా?" అన్నారు. ఆపమనలేదు. రిబ్బను విప్పమన్నాను. మైకులో సన్నాయి మోగుతోంది కాబట్టి నేనన్నది ఆయనకు వినపడలేదు.

భవనం వెనక్కి వచ్చాను. నలుగురు పిల్లలు, చుక్కాని పిల్ల, గోడకానుకుని ఆవ వంక చూస్తూ కూర్చున్నారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వీపు వెనక ఒక ఇటుక మందంలో పడవ. కశింకోట అమ్మాయి లేచింది.

"ఏటన్నారు సార్?"

"ఆగమన్నారు."

"ఎందాకా?"

"టిఫిను అయ్యేదాకా."

ఆమె వెళ్ళి దక్షిణం గోడకున్న ఆ కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, తెడ్డు లాగినట్టు, కాళ్ళు గోడకు తన్నిపెట్టి వెనక్కి లాగింది. కిటికీ చట్రంతో సహా చేతిలోకి వచ్చింది. పిల్ల వెల్లకిలా పడింది, కిటికీ మీద పడింది. నేను పరిగెత్తాను.

"దెబ్బ తగిలిందా?"

"నేదండి. సార్, ఒక్క మాట సెప్పండి. ఈ గోడ ఎంతసేపు నిలబడతాదో సూద్దారి."

మీరు కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళయితే ఈ సందర్భంలో చెయ్యవలసింది ఏమిటో నిబంధనల్లో ఉంటుంది. పై అధికారికి లిఖితపూర్వకంగా నివేదించాలి. నేను షామియానా వాళ్ళ గునపం అడిగి తెచ్చాను.

ఇటుకలు లోపలికి పడితే పడవ చితికిపోతుంది కాబట్టి గునపం సందులో పెట్టి ఒక్కొక్క ఇటుకా బయటికి లాగాలి. మొదట నేను లాగాను. చాలా కష్టపడాలని సిద్ధపడి వెళ్ళినవాణ్ణి, సిగ్గుపడాల్సి వచ్చింది. సిమెంటు వేలితో గీకితే ఇసకలా రాలింది. కూతురి పరుగు చూడటానికొచ్చిన ఆమె తండ్రి అప్పటిదాకా దూరంగా నిలబడి, "సర్కారోల గోడ గదా బాబూ..." అని నసిగాడు. రాలుతున్న సిమెంటును చూసి దగ్గరికొచ్చాడు. ఒక ఇటుక చేత్తోనే ఊడబెరికి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని కట్టినోడెవుడు బాబూ? నా గొడ్ల సాల గోడ నయం" అన్నాడు. తువ్వాలు తలకు చుట్టుకుని గునపం నా చేతిలోంచి తీసుకున్నాడు.

ఉత్తరం వైపు సన్నాయి మోగుతూనే ఉంది. దక్షిణం వైపు మేం గోడ తీస్తూనే ఉన్నాం. ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టేంత దారి అయింది. చుక్కాని పిల్ల లోపలికి దూరి, "చేతులెయ్యి... ఎత్తు... భుజం" అంది. పడవ ముక్కు ఆ కన్నంలోంచి వెలుతురులోకి వచ్చింది. తిరగలేదు, వంగలేదు. నేరుగా నాలుగడుగులు, నీళ్ళు. భవనం కట్టాక మొదటిసారి ఆ పడవ మనుషులు నడిచినట్టు నడిచింది.

పరుగు గురించి ఎక్కువ రాయను. బాగా జరిగిన పనిలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆ అమ్మాయి తెడ్డు దించిన చోట నీళ్ళు చిందలేదు, సుడి తిరిగి ఊరుకున్నాయి. వెనక ముగ్గురూ ఆమె వీపుకు కట్టేసినట్టు కదిలారు. సన్నటి సెలెక్టరు టీ కప్పు కింద పెట్టేశాడు. ఒడ్డుకు రాగానే ఆమె పేరడిగి రాసుకున్నాడు. తండ్రికి అర్థమైంది. "అయితే కోతకి వేరే మనిసిని సూసుకోవాల" అని పైకి విసుక్కున్నాడు. ఇటుకల పొడి అంటిన చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

పడవ ఇంకా నీళ్ళలో ఉండగానే అటు ముఖ్య అతిథి దిగారు. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. షట్టరు పైకి లేచింది. ఆయన లోపలికి చూస్తే పడవ లేదు. దాని బదులు ఎదురుగోడలో పెద్ద కన్నం, కన్నంలోంచి ఆవ, ఆవ మీద పడవ, పడవలో పిల్లలు. ఆయన కాసేపు మెచ్చుకోలుగా చూశారు.

"చాలా బాగుంది. గాలి బాగా ఆడుతోంది" అన్నారు.

ఆ రోజు ఆ భవనం గురించి అధికారంలో ఉన్న మనిషి నోటి నుంచి వచ్చిన తెలివైన మాట అదొక్కటే. ప్రిన్సిపాలు గారి మొహం మాత్రం రిబ్బను రంగుకు వచ్చింది.

ఇక్కడ ఆపేస్తే ఇది హాస్య కథ అవుతుంది. సంచిక వాళ్ళకు కావలసింది ఇక్కడిదాకానే.

వారం తరవాత ప్రిన్సిపాలు గారు పిలిచి టీ తెప్పించారు. గోడ నేను పడగొట్టానని, గునపం నేనే తెచ్చానని, పిల్లలు నేను చెప్పినట్టు చేశారని అప్పటికే రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని టీ కప్పు కింద పెట్టుకున్నారు.

"మీ నిజాయితీ మెచ్చుకోదగ్గది మేష్టారూ. కానీ మీ మీద చర్య అంటే విచారణ, కమిటీ, అధ్యాపక సంఘం వాళ్ళొచ్చి గోల, రేపు కోర్టు. ఎంత తతంగం. అదే విద్యార్థి అయితే ఒక్క సంతకం. క్రమశిక్షణ తప్పిన అమ్మాయిని జట్టులోంచి తీసెయ్యమని విశ్వవిద్యాలయానికి రాసి పంపేశాను. కిటికీ పీకింది ఆ పిల్లే గదా, చూసినవాళ్ళున్నారు."

"పంపేశారా?"

"నిన్ననే. టీ చల్లారిపోతోంది."

నేను జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. ఎత్తనందుకు ఇవాళ్టికీ సంతోషంగా ఏమీ లేదు. అరిచాను. టీ ఒలికింది. వరండాలో పిల్లలు గుమిగూడారు. ప్రిన్సిపాలు గారు లేచి ఫ్యాను పెంచారు.

విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. పేరు తీసెయ్యడానికి ఒక పూట పట్టింది. తిరిగి పెట్టాలంటే పెద్ద కమిటీ కూర్చోవాలన్నారు. ఆ కమిటీ కూర్చునేలోపు జట్టు పోటీలకు వెళ్ళి తిరిగొచ్చింది, ఆ కోర్సులో సీట్లు నిండాయి, చెరకు కోత కూడా అయిపోయింది. నాకు ఒక హెచ్చరిక ఇచ్చి సరిపెట్టారు. మందలింపు అంటారు దాన్ని. ఆ మందలింపుతోనే నేను హాయిగా రిటైరయ్యాను.

ఆ కన్నానికి కొంతకాలం టార్పాలిన్ కట్టారు. దాంట్లోంచే పడవలు వెళ్ళేవి, ఎవరూ కాదనలేదు. తరవాతి ప్రిన్సిపాలు గారి హయాంలో దానికి షట్టరు పెట్టారు. దక్షిణ ద్వారం అవుతుంది గదా అని మళ్ళీ అదే ఇంజనీరు గారిని అడిగితే ఆయన చాలా సులువుగా తేల్చేశారు. కాగితాల్లో ద్వారం అని రాయకండి, కిటికీ అని రాయండి అన్నారు. ఇవాళ్టికీ రికార్డుల ప్రకారం అది కిటికీయే. బస్సుకంటే పొడుగున్న పడవలు రోజూ కిటికీలోంచి వెళ్తున్నాయి. పక్కన ఒక పాలరాతి ఫలకం కూడా ఉంది. నీటి వైపు దారి ఆలోచన ఎవరి దూరదృష్టో దాని మీద చెక్కించారు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఆయన టీ మాత్రం బాగుండేదని ఒప్పుకుంటాను.

సంచిక కుర్ర లెక్చరరు రెండోసారి ఫోను చేసి ఇంకో కోరిక కోరాడు. ఆ షట్టరు ముందు పాత జట్టు పిల్లలతో ఒక ఫోటో కావాలట. "ఆ కశింకోట ఆవిణ్ణి మీరైతే తీసుకురాగలరు సార్. ఆవిడ లేకపోతే చరిత్రకు నిండుదనం రాదు" అన్నాడు. అతను మంచి కుర్రాడు, ఏమీ తెలియదు. ఆహ్వానపత్రిక పట్టుకుని షేర్ ఆటో ఎక్కాను.

ఆమె పొలంలోనే ఉంది. చెరకు గానుగ పక్కన పొయ్యి మీద పెద్ద పెనంలో రసం కాగుతోంది. పొడుగాటి గరిటె పట్టుకుని పైకి తేలిన మడ్డి తీస్తోంది. నన్ను చూసి ఆనవాలు పట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"రండి సార్. ఏటిలాగొచ్చేరు? అక్కడ పొగొత్తాది, ఇటేపు కూకోండి."

మంచం వాల్చి, గ్లాసులో చెరకు రసం ఇచ్చింది. తండ్రి గురించి అడిగాను. పోయాడని చెప్పింది. ఆహ్వానపత్రిక ఇచ్చాను. తడి చెయ్యి చీరకు తుడుచుకుని తీసుకుంది, పైనా కిందా చూసింది.

"తలుపు ఎటేపు పెట్టేరు సార్ ఇప్పుడు?"

"మనం పగలగొట్టిన వైపే."

"మరది దచ్చినం కాదేటి?"

"కాదట. కిటికీ అట."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. చాలా ఏళ్ళ తరవాత ఇద్దరం ఆ గోడ గురించి నవ్వుకుంటున్నామని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. చరిత్ర నేనే రాస్తున్నానని చెప్పాను. వాళ్ళు వేసినా వెయ్యకపోయినా జరిగింది జరిగినట్టు రాస్తాను, ఆ గోడ మనిద్దరం కలిసి పగలగొట్టామని రాస్తాను అన్నాను.

ఆమె పత్రికను పొగ తగలకుండా నా పక్కన మంచం మీద పెట్టి, వెనక్కి తిరిగి గరిటె అందుకుంది.

"గోడ ఇద్దరమే పగలగొట్టేం సార్" అంది. "పింఛను మీకొక్కరికే వత్తంది."